కంపెనీ మెయిల్ సర్వర్: కొత్తది పెట్టాలా, క్లౌడ్‌కి వెళ్లాలా, ఉన్నదాంతోనే నెట్టుకురావాలా?

జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ. ఆఫీసు స్టాఫ్ 140 మంది. ఐటీ చూసేది ఒక్క కుర్రాడే. ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా వాడే, సీసీ కెమెరా ఆగినా వాడే, మెయిల్ సర్వరూ వాడిదే. ఆ సర్వర్‌లో మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌ఛేంజ్, 2016 వెర్షన్ ఉంది. పెట్టినప్పటి నుంచి దాన్ని పెద్దగా ఎవరూ ముట్టుకోలేదు. మొన్న ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, సపోర్ట్ అయిపోయింది, మార్చాలి అని ఎండీ గారితో చెప్తే, నడుస్తోంది కదయ్యా, దేనికి మార్చడం అంటున్నారు. ఏం చెప్పమంటావు?"

ఎండీ గారు అన్నది నిజమే, అది నడుస్తూనే ఉంది. సపోర్ట్ అయిపోయిన మర్నాడు ఏ సర్వరూ ఆగిపోదు. ఎక్స్‌ఛేంజ్ 2016కీ 2019కీ మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్, అంటే లొసుగులు మూసే ప్యాచ్‌లు ఇవ్వడం, 2025 అక్టోబరు 14తో ముగిసింది. అక్టోబరు 15న కూడా మెయిల్స్ వచ్చాయి, పోయాయి. 2021 మార్చిలో ఎక్స్‌ఛేంజ్ సర్వర్ల మీద జరిగిన ప్రాక్సీలాగాన్ దాడులు చూసినవాళ్లకు మాత్రం వేరే సంగతి గుర్తుంటుంది. వెబ్‌మెయిల్ కోసం పోర్ట్ 443 బయటికి తెరిచి ఉంటే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే హ్యాకర్లు లోపలికి వచ్చేశారు. ప్యాచ్ వచ్చేలోపే చాలా సర్వర్లలో వెబ్‌షెల్, అంటే మళ్లీ లోపలికి రావడానికి ఒక దొంగ ఫైల్, పెట్టి వెళ్లారు. ప్యాచ్ వేసి హమ్మయ్య అనుకున్నవాళ్ల సర్వర్లలో కూడా ఆ ఫైల్ అలాగే కూర్చుని ఉంది. అప్పుడు కనీసం ప్యాచ్ వచ్చింది. ఇప్పుడు పాత వెర్షన్‌లో అలాంటి లొసుగు బయటపడితే మామూలు దారిలో వచ్చేదేమీ లేదు.

కాబట్టి మార్చాలి, అందులో అనుమానం లేదు. దేనికి మార్చాలనేదే ప్రశ్న. చాలామంది ఇక్కడ ధరల పట్టిక తీస్తారు. నేను ముందు ఒకటి అడుగుతాను: ఆదివారం రాత్రి 11 గంటలకు డిస్క్ నిండి మెయిల్స్ ఆగిపోతే లేచేది ఎవరు? అతను చెల్లెలి పెళ్లికి నాలుగు రోజులు ఊరెళ్తే ఇంకెవరు? ఈ రెండో ప్రశ్నకు పేరు చెప్పలేకపోతే, సొంత సర్వర్ గురించి కింద రాసిందంతా చదివినా సరే, చివరికి క్లౌడ్ వైపే చూడండి.

ఎక్స్‌ఛేంజ్‌లోనే ఉండిపోతే

2025 జూలైలో ఎక్స్‌ఛేంజ్ సర్వర్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ వచ్చింది. అందరూ ఎస్ఈ అంటున్నారు. ఇప్పుడు మీరున్నది 2019లో అయితే, సీయూ14 గానీ సీయూ15 గానీ (సీయూ అంటే క్యుములేటివ్ అప్‌డేట్, అప్పటిదాకా వచ్చిన మార్పులన్నీ కలిపింది) వేసి ఉంటే, పని చాలా తేలిక. మామూలు క్యుములేటివ్ అప్‌డేట్ వేసినట్టే దానిమీదే ఎస్ఈ వేసుకోవచ్చు. మొదటి ఎస్ఈ విడుదలలో కోడ్ దాదాపు సీయూ15దే. వెర్షన్ పేరు మారుతుంది, లైసెన్స్ లెక్క మారుతుంది, అంతే.

2016లో ఉన్నవాళ్లకు ఆ సుఖం లేదు. 2016 మీద నేరుగా ఎస్ఈ పడదు. కొత్త మెషీన్ కావాలి. దానిమీద విండోస్ సర్వర్ 2019, 2022, 2025లో ఏదో ఒకటి వేసి, అందులో ఎస్ఈ పెట్టి, మెయిల్‌బాక్సులు ఒక్కొక్కటిగా అటు జరపాలి. "ముందు విండోస్ అప్‌గ్రేడ్ చేసేసి తర్వాత ఎక్స్‌ఛేంజ్ చేస్తే?" అని కొందరు తెలివిగా అడుగుతారు. ఎక్స్‌ఛేంజ్ ఉన్న మెషీన్‌లో కింద విండోస్ వెర్షన్ మార్చడానికి సపోర్ట్ లేదు. ఆ ప్రయోగం జోలికి పోవద్దు.

మెయిల్‌బాక్స్ సర్వర్‌కు మైక్రోసాఫ్ట్ సిఫార్సు చేసే ర్యామ్ 128 జీబీ. 140 మందికి అంతకంటే తక్కువతో నడిపేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నడుస్తుంది కూడా. కానీ కొటేషన్ అడిగేటప్పుడు ఆ అంకె మనసులో ఉంచుకోండి. లైసెన్స్ ఒకసారి కొని పదేళ్లు వాడుకునే రోజులు పోయాయి. ఎస్ఈకి సబ్‌స్క్రిప్షన్ గానీ సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (డబ్బు కట్టి కొనసాగించుకునే ఒప్పందం) గానీ నడుస్తూనే ఉండాలి. సొంత సర్వర్ అంటే నెలనెలా కట్టక్కర్లేదు అనే వాదన దీంతో సగం పోయినట్టే.

కొత్త సర్వర్ పెట్టే రోజు జరిగే ఒక చిన్న విషయం చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నాను. ఒక ఆఫీసులో పట్టపగలు 11 గంటలకు రెండో ఎక్స్‌ఛేంజ్ ఇన్‌స్టాల్ చేశాను. ఇంకా ఒక్క మెయిల్‌బాక్స్ కూడా జరపలేదు కదా, ఎవరికీ తెలియదులే అనుకున్నాను. సెటప్ అయిన పది నిమిషాలకు అకౌంట్స్ నుంచి ఫోన్, వెంటనే పర్చేజ్ నుంచి. అందరి ఔట్‌లుక్‌లోనూ సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం) హెచ్చరిక. జరిగిందేమిటంటే, కొత్త సర్వర్ ఇన్‌స్టాల్ అవుతూనే యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు యూజర్లు, కంప్యూటర్ల జాబితా) తన సొంత ఆటోడిస్కవర్ చిరునామా, అంటే ఔట్‌లుక్ మెయిల్ సర్వర్‌ను వెతుక్కునే చిరునామా, రాసుకుంటుంది. ఆఫీసు డొమైన్‌లో చేరిన కంప్యూటర్ల ఔట్‌లుక్ ముందు అక్కడే చూస్తుంది. అక్కడ దొరికింది కొత్త మెషీన్ లోపలి పేరు, దానిమీద ఉన్నది అది తనకు తానే ఇచ్చుకున్న సర్టిఫికెట్. అప్పటి నుంచి సెటప్ రాత్రిపూటే, అదయ్యీ అవగానే ఆ చిరునామాను పాత పేరుకు మార్చడమే మొదటి పని. ఆ తర్వాతే టీ.

ఆ తర్వాత రోజువారీ సంరక్షణ. ఎక్స్‌ఛేంజ్‌లో లాగ్ ఫైళ్లు (ప్రతి మార్పూ రాసుకునేవి) బ్యాకప్ సరిగ్గా పూర్తయితేనే ఖాళీ అవుతాయి. బ్యాకప్ ఫెయిలవుతోందని పదిహేను రోజులు ఎవరూ చూడకపోతే, డిస్క్ నిండి డేటాబేస్ దానంతటదే డిస్‌మౌంట్ అవుతుంది, అంటే మెయిల్ ఆగిపోతుంది. లోపల వాడే ఆథ్ సర్టిఫికెట్ ఒకటుంటుంది, దాని ఆయుష్షు 5 ఏళ్లు. పెట్టినవాడు ఉద్యోగం మారిపోయాక అది ఎక్స్‌పైర్ అవుతుంది, వెబ్‌మెయిల్ లాగిన్ ఆగిపోతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఒక్కోసారి మన తప్పేమీ లేకుండా కూడా వస్తుంది. 2022 జనవరి 1న ప్రపంచమంతా 2016, 2019 సర్వర్లలో మెయిల్స్ క్యూలో ఇరుక్కున్నాయి. యాంటీ మాల్వేర్ ఇంజిన్ తేదీని 2201010001 అనే అంకెగా రాసింది. ఆ ప్రోగ్రామ్‌లో పట్టే అతి పెద్ద అంకె 2147483647. 2021 డిసెంబరు 31 దాకా సరిపోయింది, కొత్త సంవత్సరం రాగానే పొంగిపొర్లింది. ఆ రోజు శనివారం, పైగా న్యూ ఇయర్. లేచి సరిచేసినవాళ్లు అడ్మిన్లే.

ఇంత చెప్పినా ఎస్ఈ సరైన ఎంపికైన చోట్లు ఉన్నాయి. డేటా మా ప్రాంగణం దాటకూడదని కాంట్రాక్టులోనే రాసే కస్టమర్లు ఉన్నవాళ్లు, ఇంటర్నెట్ లింక్ తెగినా లోపలి మెయిల్ ఆగకూడని ప్లాంట్లు, ఇద్దరు ముగ్గురు అడ్మిన్లు షిఫ్టుల్లో ఉండే పెద్ద సంస్థలు. వాళ్లు నిశ్చింతగా ఇటే వెళ్లవచ్చు.

లైనక్స్ దారి

విండోస్ బదులు లైనక్స్ మీద మెయిల్ సర్వర్ పెట్టుకోవడం నాకు ఇష్టమైన దారి. అందుకే జాగ్రత్తగా చెప్తాను.

మన దగ్గర చిన్న, మధ్య తరగతి కంపెనీల్లో జింబ్రా అనే మెయిల్ సర్వర్ చాలా నడిచింది. ఉచితం, వెబ్‌మెయిల్ బాగుంటుంది, క్యాలెండర్ ఉంటుంది. ఎక్కువమంది సెంటోఎస్ 7 అనే లైనక్స్ మీద జింబ్రా 8.8.15 వేసుకున్నారు. ఇప్పుడు రెండూ పోయాయి. 8.8.15 సపోర్ట్ 2023 చివరితో, సెంటోఎస్ 7 సపోర్ట్ 2024 జూన్ 30తో ముగిశాయి. వెర్షన్ 9 నుంచి ఓపెన్ సోర్స్ రెడీమేడ్ ప్యాకేజీలు ఇవ్వడం కూడా కంపెనీ మానేసింది. సోర్స్ నుంచి బయటివాళ్లు కట్టిన ప్యాకేజీలు ఉన్నాయి. కానీ ఆఫీసు మెయిల్‌ని వాటిమీద పెట్టేముందు, అవి కట్టేవాళ్లు ఎవరో, అప్‌డేట్లు ఎంత తొందరగా ఇస్తున్నారో చూసుకోండి.

మెయిల్ పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు తెరిచి చూపించే డవ్‌కాట్, ఈ జంట మాత్రం రాయిలా గట్టిది. సరిగ్గా పెడితే చిన్న మెషీన్ మీద వందలమందికి సరిపోతుంది. లైసెన్స్ ఖర్చు సున్నా. అన్నీ చేత్తో పేర్చుకోలేకపోతే మెయిల్‌కౌ, ఐరెడ్‌మెయిల్ లాంటి కట్టలు ఉన్నాయి. అప్‌గ్రేడ్ అప్పుడు ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. 2025 జనవరిలో వచ్చిన డవ్‌కాట్ 2.4లో కాన్ఫిగరేషన్ రాసే పద్ధతే మారిపోయింది. 2.3 ఫైల్ అలాగే పెడితే సర్వీస్ లేవనే లేవదు. పాత రెప్లికేషన్ (రెండు చోట్లా ఒకే కాపీ ఉంచే ఏర్పాటు) కూడా తీసేశారు, రెండు సర్వర్ల మధ్య దాన్ని నమ్ముకున్నవాళ్లు వేరే దారి చూసుకోవాలి. డెబియన్ అనే లైనక్స్ 13వ వెర్షన్‌లో వచ్చేది 2.4నే. కాబట్టి డెబియన్ 12 నుంచి 13కి అప్‌గ్రేడ్ కమాండ్ ఇచ్చేముందు, పక్కన టెస్ట్ మెషీన్‌లో కొత్త కాన్ఫిగరేషన్ రాసి లాగిన్ అయి చూసుకోండి.

ఇంకోటి, చిన్నదే కానీ కొత్తగా పెట్టినప్పుడల్లా ఎదురయ్యేది. పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్ సైజు పరిమితి మొదట 1,02,40,000 బైట్లు ఉంటుంది, అంటే సుమారు 10 ఎంబీ. డిజైన్ సెక్షన్ అబ్బాయి 8 ఎంబీ డ్రాయింగ్ పంపుతాడు, వెనక్కి వస్తుంది. "8 ఎంబీయే కదా సార్" అంటాడు. ఫైల్ మెయిల్‌లో వెళ్లేటప్పుడు అక్షరాలుగా మారి మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. ఆ 8 కాస్తా 11 అయిపోతుంది. పరిమితి పెంచడం ఒక్క లైను పని. అవతలివాళ్ల సర్వర్ పరిమితి మన చేతిలో లేదని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడమే కష్టం.

నిజానికి ఈ దారిలో సాఫ్ట్‌వేర్ కష్టం కాదు. మన మెయిల్ అవతల ఇన్‌బాక్స్‌లో పడేలా చూసుకోవడమే రోజూ ఉండే యుద్ధం. స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ చిరునామా, కావాలి. ఆ ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ ఏ పేరుదో చెప్పే రికార్డు) ఇంటర్నెట్ ప్రొవైడరే పెట్టాలి, ఆ మాట వాళ్ల కాల్ సెంటర్‌లో అర్థం చేయించడానికే ఒక్కోసారి వారం పడుతుంది. క్లౌడ్‌లో వీఎం (అద్దె కంప్యూటర్) తీసుకుని పెడదామంటే, పెద్ద ప్రొవైడర్లు మెయిల్ వెళ్లే పోర్ట్ 25 బయటికి వెళ్లకుండా మూసే ఉంచుతారు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. ఎస్‌పీఎఫ్ (మా పేరుతో పంపే సర్వర్లు ఇవీ అని చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) గానీ లేని మెయిల్‌కు గౌరవం లేదు. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకైతే ఆ రెండూ కావాలి, డీమార్క్ (ఆ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) కావాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి లోపే ఉండాలి. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా తన ఔట్‌లుక్ డాట్ కామ్ చిరునామాలకు అదే బాట పట్టింది.

వీటన్నిటికంటే భయం ఒక్క పాస్‌వర్డ్‌తో. ఎవరో ఒకరు కంపెనీ పేరూ 123 కలిపి పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. అది దొరికినవాడు రాత్రికి రాత్రి మీ సర్వర్ నుంచి వేల స్పామ్ మెయిల్స్ పంపేస్తాడు. పొద్దున్నే వచ్చి చూస్తే క్యూ నిండా అవే, ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో. స్పామ్ ఆపడానికి పది నిమిషాలు, బ్లాక్‌లిస్టుల నుంచి బయటపడటానికి రోజులు. ఈలోగా ఎండీ గారి మెయిల్ కస్టమర్‌కు చేరదు. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుసు. అందుకే ఈ దారి ఎంచుకుంటే, ఒక్క యూజర్ గంటకు ఎన్ని మెయిల్స్ పంపవచ్చో పరిమితి మొదటి రోజే పెట్టండి.

క్లౌడ్‌లో మూడు పేర్లు

మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ వర్క్‌స్పేస్, జోహో. వీటిని పోల్చుతూ ఫీచర్ల పట్టికలు ఎక్కడ చూసినా దొరుకుతాయి, వాటిలో నాకు పెద్ద నమ్మకం లేదు. మెయిల్ పంపడం, అందుకోవడం, స్పామ్ ఆపడం మూడూ బాగానే చేస్తాయి. తేడా అంతా మీ ఆఫీసు అలవాట్లలో ఉంటుంది.

అకౌంట్స్, డిస్పాచ్ సెక్షన్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఔట్‌లుక్‌లోనే కూర్చుని, ఫోల్డర్ల కింద ఫోల్డర్లు పెట్టుకుని బతుకుతున్నాయా? మైక్రోసాఫ్ట్‌కే వెళ్లండి. వాళ్లను బ్రౌజర్‌లోకి లాగితే మూడు నెలలు మీకు నిద్ర ఉండదు. స్టాఫ్ కుర్రవాళ్లు, ఫీల్డ్‌లో తిరిగేవాళ్లు, ఫోన్‌లోనే పని ముగించేవాళ్లు అయితే గూగుల్ నేర్పించక్కర్లేదు, ఇంట్లో వాడేదే కదా. ఖర్చు ముఖ్యం, డేటా దేశంలోనే ఉండాలి, మెయిల్ తప్ప పెద్దగా వేరే అవసరం లేదు అంటే జోహో చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్ కూడా ఎన్ఐసీ (ప్రభుత్వ ఐటీ సంస్థ) పాత వ్యవస్థ నుంచి జోహోకే మారింది. చిరునామాలు మాత్రం పాతవే. నలుగురు మేనేజర్లకు పెద్ద ప్లాన్, షాప్ ఫ్లోర్ సూపర్‌వైజర్లకు చిన్న ప్లాన్ ఇచ్చి కలిపి నడపడం జోహోలో కుదురుతుంది.

సగం మందిని క్లౌడ్‌లో, మిగతా సగాన్ని చవక హోస్టింగ్‌లో ఉంచే ఏర్పాటు కొందరు చేస్తారు. ఒకే డొమైన్, రెండిళ్లు. డబ్బు మిగిలే మాట నిజమే. కానీ ఏదైనా మెయిల్ రాకపోతే ఎక్కడ పోయిందో వెతకడానికి రెండు చోట్ల లాగులు చూడాలి, ఎస్‌పీఎఫ్‌లో ఇద్దరినీ చేర్చాలి, ఆ రికార్డుకు 10 డీఎన్ఎస్ లుకప్‌ల (పేర్ల వెతుకులాటల) హద్దు ఉంది. నేనైతే వద్దంటాను.

క్లౌడ్‌కి వెళ్లాక అడ్మిన్ పని ఉండదనుకుంటే పొరపాటు. బ్యాకప్ సంగతే చూడండి. మైక్రోసాఫ్ట్‌లో పూర్తిగా డిలీట్ చేసిన మెయిల్‌ను మామూలు సెట్టింగ్‌లో 14 రోజుల దాకా తిరిగి తెచ్చుకోవచ్చు, సెట్టింగ్ మార్చి 30 దాకా పెంచుకోవచ్చు. గూగుల్‌లో ట్రాష్ నుంచి పోయిన తర్వాత అడ్మిన్‌కు 25 రోజులే టైమ్. ఉద్యోగి మానేశాడని ఖాతా తీసేస్తే మైక్రోసాఫ్ట్‌లో 30 రోజులు, గూగుల్‌లో 20 రోజులు, ఆ తర్వాత గోవిందా. లైసెన్స్ మిగుల్చుకుందామని హెచ్ఆర్ ఖాతా తీయించేసి, రెండు నెలల తర్వాత ఆ సేల్స్ మేనేజర్ పాత కొటేషన్లు కావాలని అడిగిన కథలు నేను రెండు మూడు చూశాను. మానేసినవాళ్ల మెయిల్‌బాక్స్ ముందు షేర్డ్‌గా మార్చడమో, వేరే చోట కాపీ తీసిపెట్టడమో చేశాకే ఖాతా ముట్టుకోండి. డీకిమ్ కూడా మీ సొంత డొమైన్‌కు దానంతటదే ఆన్ అవదు, వెళ్లి ఆన్ చేయాలి.

మార్చే వారం

ముందు లెక్క. మెయిల్స్ మొత్తం 600 జీబీ ఉన్నాయనుకోండి. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పూర్తిగా దొరికినా 13 గంటలకు పైనే. అవతలి సర్వీస్ వేగానికి కళ్లెం వేస్తుంది, పగలు ఆఫీసు ఇంటర్నెట్ కూడా కావాలి కాబట్టి వారం, పది రోజులు వేసుకోండి. పాత మెయిల్స్ ముందే పంపించేసి, చివరి శనివారం కొత్తవి మాత్రం కలపాలి. ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్ చదివే పద్ధతి) సర్వర్ల మధ్య అయితే ఐమ్యాప్‌సింక్ అనే టూల్ ఈ పని చక్కగా చేస్తుంది. ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది) టీటీఎల్‌ని, అంటే బయటివాళ్లు దాన్ని గుర్తుపెట్టుకునే సమయాన్ని, రెండు రోజుల ముందే 300 సెకన్లకు దించండి. మార్చేటప్పుడు దించితే అప్పటికే పాత విలువ పట్టుకున్నవాళ్లకు లాభం లేదు.

మెయిల్ పంపేది మనుషులే కాదు. స్కానర్, ట్యాలీ, జీతాల సాఫ్ట్‌వేర్, యూపీఎస్, వేలిముద్ర హాజరు మెషీన్ అన్నీ పాత సర్వర్ ఐపీని రిలేగా (తమ మెయిల్స్ బయటికి పంపిపెట్టేదిగా) పెట్టుకుని ఉంటాయి. ఒక చోట శనివారం మార్చాం, సోమవారం ఒక్క ఫిర్యాదు లేదు, నేను భుజం తట్టుకున్నాను. ఒకటో తారీకు వచ్చింది. ఒక్కరికీ పేస్లిప్ రాలేదు. నెలకోసారి మాత్రమే మెయిల్ పంపే ప్రోగ్రామ్ అది, మా జాబితాలో లేదు. ఇప్పుడు మార్చడానికి ముందు కనీసం 35 రోజుల రిలే లాగ్ తీసి, ఏ ఐపీ నుంచి ఏమేం వెళ్తున్నాయో రాసుకుంటాను. పాత స్కానర్లతో ఇంకో చిక్కుంది. ఉత్త యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవడాన్ని క్లౌడ్ కంపెనీలు ఒక్కొక్కటిగా మూసేస్తున్నాయి. వాటి కోసం ఆఫీసులోనే చిన్న పోస్ట్‌ఫిక్స్ రిలే ఒకటి పెడితే తలనొప్పి తగ్గుతుంది.

పాత మెయిల్స్‌ను పీఎస్‌టీలుగా (ఔట్‌లుక్ ఫైళ్లుగా) తీసి క్లౌడ్‌లోకి ఎక్కించేవాళ్లకు మొదటి సోమవారం ఒక వింత ఎదురవుతుంది. పక్క సీటు వాళ్లకు మెయిల్ కొడితే తిరిగొస్తుంది. బయటివాళ్లకు మాత్రం వెళ్తుంది. ఔట్‌లుక్ పేరు మొదలుపెట్టగానే చూపించే పాత ఎంట్రీలో ఉన్నది మామూలు చిరునామా కాదు, పాత ఎక్స్‌ఛేంజ్ లోపలి చిరునామా. బౌన్స్ మెయిల్‌లో ఐఎంసీఈఏఈఎక్స్ అని కనిపిస్తే అదే. ప్రతి మెయిల్‌బాక్స్‌కు ఆ పాత చిరునామాను ఎక్స్500 రకం అదనపు చిరునామాగా చేరిస్తే సమసిపోతుంది. కాబట్టి పాత సర్వర్ ఆపకముందే ఆ జాబితా ఎగుమతి చేసి పెట్టుకోవాలి.

లాగులు కూడా పారేయకండి. 2022 ఏప్రిల్ నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగులు ఉండాలి, సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లోపు తెలియజేయాలి. పాత సర్వర్‌తో పాటు పాత లాగులు చెత్తబుట్టలోకి పోవడం మామూలుగా జరిగేదే.

జీడిమెట్ల కుర్రాడికి మైక్రోసాఫ్ట్ 365 చెప్పాను. ఔట్‌లుక్ ఆఫీసు, ఒక్కడే మనిషి, లోపల యాక్టివ్ డైరెక్టరీ ఉంది, దాన్ని క్లౌడ్‌తో సింక్ చేసి ఉంచుతారు. మెయిల్‌బాక్సులన్నీ వెళ్లిపోయాక 2016 మెషీన్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయనా అని అడిగాడు. వద్దన్నాను. సింక్ ఉన్నంతకాలం మెయిల్ చిరునామాలు మామూలుగా మార్చాల్సింది లోపలి డైరెక్టరీలోనే. దానికి ఎక్స్‌ఛేంజ్ మేనేజ్‌మెంట్ టూల్స్ వేరే మెషీన్‌లో వేసుకుని, చివరి సర్వర్‌ను ఆపి ఉంచాలి తప్ప అన్‌ఇన్‌స్టాల్ చేయకూడదు. చేస్తే డైరెక్టరీలోని ఎక్స్‌ఛేంజ్ వివరాలు కూడా ఊడ్చుకుపోతాయి. "సరే అన్నా, ఆపేసి, ఎవరూ ఆన్ చేయకుండా స్టిక్కర్ అంటిస్తా" అన్నాడు.

ప్లగ్ కూడా పీకేయమన్నాను. హౌస్ కీపింగ్ వాళ్లు స్టిక్కర్ చదవరు.